విద్యుత్ కేంద్రానికి వెళ్లే సొంత గ్రావెల్ దారి: గ్రేడర్‌తో సరిపెట్టాలా, తవ్వి మళ్లీ వేయాలా?

సోలార్ క్షేత్రం, గాలిమరల వరుస, సబ్‌స్టేషన్, చమురు బావి... కేంద్రం ఏదైనా, ప్రధాన రహదారి నుంచి గేటు వరకు ఉండే ఆ ఒకటి రెండు కిలోమీటర్ల గ్రావెల్ దారిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ట్రాన్స్‌ఫార్మర్ మోసుకొచ్చే ట్రైలర్ అందులో దిగబడిన రోజున అందరికీ గుర్తొస్తుంది. అప్పుడు హడావుడిగా తీసుకునే నిర్ణయం దాదాపు ఎప్పుడూ ఒకటే: నాలుగు టిప్పర్ల కంకర తెప్పించి పైన పరిపించడం. ఒక విడత వానలు పడేసరికి ఆ కంకర బురదలో కలిసిపోతుంది. మరుసటి ఏడాది మళ్లీ అదే పని, అదే ఖర్చు.

నిజానికి మీ ముందు ఐదు మార్గాలున్నాయి. ఉన్నదాన్ని గ్రేడర్‌తో (పొడవాటి బ్లేడుతో నేలను కోసి చదునుచేసే బండి) సరిచేస్తూ పోవడం, పైన కొత్త గ్రావెల్ పొర వేయడం, తవ్వి జియోటెక్స్‌టైల్ (మట్టికీ రాయికీ మధ్య పరిచే గట్టి కృత్రిమ వస్త్రం) పరిచి కొత్తగా కట్టడం, అడుగు మట్టికి సున్నమో సిమెంటో కలిపి గట్టిపరచడం, చివరిగా తారు పూత. వీటిలో ఏది మంచిదని అడిగితే జవాబు దొరకదు. ఈ దారికి ఏది తగినదని అడిగితే దొరుకుతుంది. ఆ జవాబు పైన కనిపించే రాయిలో లేదు. నీరు పోయే తీరులో ఉంది, అడుగు మట్టి బలంలో ఉంది, వచ్చే బండ్లలో అన్నిటికంటే బరువైనదాని ఇరుసు కింద ఉంది.

ముందుగా బరువు లెక్క

రోజుకు ఎన్ని వాహనాలు తిరుగుతాయన్న లెక్కతో మొదలుపెట్టేవారే ఎక్కువ. ఇలాంటి దారికి ఆ లెక్క అంతగా పనికిరాదు. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం ఒట్టావా దగ్గర ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) జరిపిన రోడ్డు పరీక్ష ఒక విషయం తేల్చింది. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు ఆ బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 10 టన్నుల ఇరుసు 12 టన్నులైతే పెరిగింది 20 శాతం బరువే, నష్టం మాత్రం రెట్టింపు దాటుతుంది. టన్ను ఇరుసున్న జీపుతో పోలిస్తే 10 టన్నుల ఇరుసు చేసే నష్టం పదివేల రెట్లు. ఆ పరీక్ష తారు, కాంక్రీటు రోడ్ల మీద జరిగింది కాబట్టి గ్రావెల్ దారికి ఆ అంకెలు అచ్చంగా వర్తించవు. కానీ సారం అదే. పైగా తడిసి మెత్తబడిన నేల మీద ఒక్క బరువైన ట్రిప్పే దారిని చీల్చేయగలదు.

అందుకే కాగితం మీద ముందుగా రాసుకోవలసింది రానున్న సంవత్సరాల్లో ఈ దారిన రాబోయే బరువైన బండ్ల జాబితా. మార్చవలసి వచ్చే ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని దించే క్రేన్, గాలిమర రెక్క మోసే పొడవాటి ట్రైలర్, ఫలకాలు కడిగే నీళ్ల ట్యాంకర్, అగ్నిమాపక వాహనం. ప్రతిదాని పక్కన ఇరుసు బరువు, అది ఏ కాలంలో రావచ్చు అన్నవి రాయండి. ఎండాకాలంలో తేదీ కుదుర్చుకుని రప్పించగలిగేది వేరు, నడివానలో చెప్పకుండా రావలసి వచ్చేది వేరు. చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ వర్షాకాలం పోయేదాకా ఆగదు. అగ్నిమాపక వాహనం అసలే ఆగదు. దారి బలాన్ని ఈ రెండో రకం బండ్లను దృష్టిలో పెట్టుకునే నిర్ణయించాలని నా అభిప్రాయం.

వాన వెలిసిన గంటలో నడవండి

దారిని ఎండలో కారులోంచి చూసి అంచనా వేయకూడదు. మంచి వాన వెలిసిన గంటలోపు కాలినడకన, గేటు నుంచి రహదారి దాకా ఒకవైపు చూస్తూ వెళ్లి, రెండోవైపు చూస్తూ తిరిగి రండి. నీరు ఎక్కడ నిలిచింది, ఎక్కడ దారిని అడ్డంగా దాటింది, ఏ తూము నోరు పూడుకుపోయింది అన్నవి ఆ ఒక్క గంటలో తెలిసినంతగా మరెప్పుడూ తెలియవు.

నడిచేటప్పుడు దారి అంచును ప్రత్యేకంగా చూడండి. చాలా గ్రావెల్ దారులకు అంచున పలుచటి గట్టు ఒకటి తయారవుతుంది. చక్రాలు చిమ్మిన రాయి, గ్రేడర్ వదిలేసిన మట్టి అక్కడ చేరి, దాని మీద గడ్డి మొలిచి వేళ్లు పట్టుకుంటుంది. చూడటానికి పచ్చగా అందంగానే ఉంటుంది. కానీ పక్క కాలువకు పోవలసిన నీటిని అదే ఆపేస్తుంది. ఆగిన నీరు దారి పొడవునా అంచు వెంట పారుతూ అక్కడున్న సన్న పదార్థాన్ని కోసుకుపోతుంది, అంచు నుంచి లోపలికి ఇంకుతుంది. పక్కనే చక్కటి కాలువ ఖాళీగా ఉంటుంది, దారి మాత్రం నానుతూనే ఉంటుంది. ఈ గట్టును కోసేస్తే చాలు, కొత్త రాయి అవసరం లేకుండానే బాగుపడే దారులు ఎన్నో ఉంటాయి.

తర్వాత క్యాంబర్, అంటే దారి అడ్డంగా రెండు పక్కలకూ వాలి ఉండే తీరు. గ్రావెల్ దారి మధ్యలో ఎత్తుగా ఉండి రెండు వైపులా సుమారు 4 శాతం వాలు ఉండాలి. 5 మీటర్ల దారికి మధ్య నుంచి అంచు దాకా 2.5 మీటర్లు కాబట్టి అంచు 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలన్నమాట. మట్టం చూసిన దారాన్ని మధ్య నుంచి అంచు మీదికి సాగదీసి టేపుతో కొలిస్తే నిమిషంలో తేలుతుంది. 2, 3 సెంటీమీటర్లే వస్తే నీరు పైనే నిలుస్తుంది, గుంతలు పడతాయి. 15 దాటితే బరువు ఎత్తుగా ఉన్న బండ్లు ఒరుగుతాయి. డ్రైవర్లు అందరూ మధ్యనే నడపడం మొదలుపెడతారు, మధ్య భాగం అరిగి చివరికి క్యాంబరే పోతుంది.

చక్రాల గాడుల ఆకారం కూడా చాలా చెబుతుంది. గాడి లోతు తక్కువగా ఉండి పక్కలు ఉబ్బకపోతే పై పొర అణిగిందని అర్థం, గ్రేడర్‌తో సరిపోతుంది. గాడి లోతుగా ఉండి దాని పక్కన నేల గట్టులా ఉబికి ఉంటే అడుగు మట్టే బరువుకు పక్కలకు జరిగిపోతోందని అర్థం. రాళ్ల సందుల్లోంచి కింది బంకమన్ను పైకి ఊరి వస్తుంటే ఇక సందేహమే అక్కర్లేదు. ఈ రెండో రకం జబ్బుకు పైన ఎంత కంకర పోసినా నయం కాదు.

కన్ను, శంకువు, ప్రయోగశాల: దేన్ని నమ్మాలి?

కంటితో చూసి మార్కులు వేసే పద్ధతులు ఉన్నాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారి పేజర్ పద్ధతి గ్రావెల్ రోడ్డుకు 1 నుంచి 5 వరకు మార్కులు ఇస్తుంది. అమెరికా సైనిక ఇంజనీర్లు రూపొందించిన యూఆర్‌సీఐ ఏడు లోపాలను చూసి 0 నుంచి 100 వరకు అంకె ఇస్తుంది. తప్పుగా ఉన్న అడ్డుకోత (క్యాంబర్ లాంటి దారి అడ్డు ఆకారం), పనిచేయని పక్క కాలువలు, అలలు, దుమ్ము, గుంతలు, గాడులు, వదులుగా పడి ఉన్న రాయి అన్నవి ఆ ఏడు. ఇరవై దారుల్లో దేన్ని ముందు బాగుచేయాలో తేల్చుకోవడానికి ఇవి చాలా మంచివి. మీకున్నది ఒక్క దారే అయితే ఆ అంకె కంటే ఆ ఏడు పేర్ల జాబితాయే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఏదీ మరచిపోకుండా చూడనిస్తుంది.

అడుగు నేల బలం తెలుసుకోవడానికి నేను అన్నిటికంటే ముందు పెట్టేది డైనమిక్ కోన్ పెనెట్రోమీటర్, అంటే డీసీపీ. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 60 డిగ్రీల మొన ఉన్న ఉక్కు శంకువును ఒక కడ్డీకి బిగించి, నిటారుగా నిలబెట్టి, 8 కిలోల సుత్తిని 575 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. ఒక్కో దెబ్బకు శంకువు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రాసుకుంటూ పోవడమే పని. దెబ్బకు 10 మిల్లీమీటర్లు దిగితే సీబీఆర్ (నేల బరువు మోసే బలాన్ని మంచి కంకరతో పోల్చి శాతంలో చెప్పే అంకె) సుమారు 22 శాతం, 25 దిగితే 8, 50 దిగితే 4 లోపు. మొదటి 15 సెంటీమీటర్లు నెమ్మదిగా దిగిన శంకువు ఒక్కసారిగా జారడం మొదలైతే గ్రావెల్ పొర అక్కడితో అయిపోయిందని తెలుస్తుంది. అలా పొర మందం, కింది నేల బలం రెండూ ఒకే రంధ్రంతో దొరుకుతాయి. పెద్ద రాయి తగిలి ఆగిపోతే అడుగు దూరం జరిగి మళ్లీ మొదలుపెట్టాలి. వంద మీటర్లకు ఒకచోట చక్రాల జాడలోనూ మధ్యలోనూ, చెడిన ప్రతిచోటా తప్పకుండా చేయించండి.

ఇంధన కేంద్రం దగ్గర ఒక జాగ్రత్త ప్రాణాలతో ముడిపడింది. దారిని అడ్డంగా దాటే భూగర్భ కేబుళ్లు, గొట్టాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులు పెట్టే వరకు శంకువు గానీ గునపం గానీ నేలలో దింపనివ్వకండి.

డీసీపీకి ఒక బలహీనత ఉంది. అది ఆ రోజు ఉన్న నేలను మాత్రమే కొలుస్తుంది. ఎండిన బంకమన్ను రాయిలా బలంగా కనిపించి, తడవగానే చేతులెత్తేస్తుంది. వేసవిలో పరీక్షించక తప్పకపోతే మట్టి నమూనాను ప్రయోగశాలకు పంపి, నాలుగు రోజులు నీటిలో నానబెట్టి చేసే సీబీఆర్ పరీక్ష అడగండి. దాంతో పాటే జల్లెడ విశ్లేషణ (ఏ పరిమాణపు రేణువులు ఎంత శాతమో తేల్చేది), ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టిలో బంక గుణం ఎంతుందో చెప్పే అంకె) కూడా చేయించండి. తర్వాతి నిర్ణయాలకు ఆ రెండూ కావాలి.

ఐదు మార్గాల పోలిక

గ్రేడింగ్‌ను జనం తక్కువగా చూస్తారు. గ్రావెల్ మందం ఇంకా 15 సెంటీమీటర్ల దాకా ఉండి, అడుగు నేల గట్టిగా ఉండి, జబ్బు పై పొరలోనే ఉంటే దీన్ని మించిన పరిష్కారం లేదు. ఖర్చులో అన్నిటికంటే చిన్నదీ ఇదే. కానీ పద్ధతిగా చేయించాలి. పొడి దారి మీద గ్రేడర్ తిప్పితే రాయి వదులై దుమ్ము లేవడమే మిగులుతుంది. వాన తర్వాత తేమ ఉన్నప్పుడు, గంటకు 8 కిలోమీటర్లు దాటని వేగంతో, వెనుక రోలర్‌తో చేయించాలి. దారి మీద అలలు పడితే వాటి పల్లాల అడుగు దాకా కోసి, పదార్థాన్ని కలిపి, మళ్లీ పరవాలి. పల్లాలను పైపైన నింపితే కొద్ది రోజుల్లోనే అవే అలలు అదే చోట తేలతాయి. వేగంగా వచ్చి బ్రేకులు వేసే మలుపుల దగ్గర, గేటు ముందు అవి మళ్లీ మళ్లీ వస్తుంటే తప్పు గ్రేడర్‌ది కాదు. పదార్థంలో జిగురు లేదు, లేదా బండ్ల వేగం ఎక్కువ.

కొత్త గ్రావెల్ పొర వేయాలంటే, కింద బాగానే ఉండి పైన మందం తగ్గిపోయి ఉండాలి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు రాయి ఎంపికలో ఉంది. తారు రోడ్డు కింద వేసే శుభ్రమైన బేస్ కంకరను తెచ్చి పై పొరగా పోస్తారు. దాంట్లో సన్న పదార్థం తక్కువ కాబట్టి అది ఎన్నటికీ కట్టుకోదు, చక్రాల కింద గోళీల్లా దొర్లుతుంది. పై పొరకు 20 నుంచి 25 మిల్లీమీటర్ల లోపు పగలగొట్టిన రాయి, 75 మైక్రాన్ల జల్లెడ దిగే సన్న పదార్థం 8 నుంచి 15 శాతం, ప్లాస్టిసిటీ ఇండెక్స్ 4 నుంచి 12 మధ్య ఉండాలి. క్వారీ దగ్గరే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. గుప్పెడు తీసుకుని కొంచెం తడిపి గట్టిగా పిడికిలి బిగించండి. తెరిచాక ముద్ద నిలిచి, అరచేతికి పలుచగా మట్టి అంటుకుంటే జిగురుంది. ఇసుకలా రాలిపోతే లేదు. వేళ్లకు జిడ్డుగా పట్టి వదలకపోతే బంకమన్ను మరీ ఎక్కువై వానలో జారుతుంది. ప్రయోగశాల నివేదికకు ఇది బదులు కాదు. టిప్పరును వెనక్కి పంపాలో లేదో తేల్చుకోవడానికి మాత్రం చాలు.

ఈ మార్గంలో ఇంకో లెక్క చాలామంది వేసుకోరు. 5 మీటర్ల వెడల్పున కిలోమీటరు దారికి 15 సెంటీమీటర్ల గట్టిపడిన పొర అంటే 750 ఘనపు మీటర్లు. వదులుగా తెచ్చేది దానికంటే పాతిక శాతం పైనే ఎక్కువ ఉండాలి. 14 ఘనపు మీటర్ల టిప్పర్లయితే దాదాపు 70 లోడ్లు. ఆ సంవత్సరానికి మీ దారి మీద నడిచే అతి బరువైన రాకపోకలు ఆ టిప్పర్లవే కావచ్చు. అడుగు నేల బలహీనంగా ఉంటే మరమ్మతు చేయడానికి వచ్చిన బండ్లే దాన్ని ముందుగా పాడుచేస్తాయి.

అలాంటి నేలకే మూడో మార్గం. తడి కాలపు సీబీఆర్ 3 లోపు ఉంటే, బురద పైకి ఊరుతుంటే, తవ్వి జియోటెక్స్‌టైల్ పరిచి దాని మీద కట్టడమే నికరమైన పని. ఆ వస్త్రం నీటిని పోనిస్తుంది, మట్టిని ఆపుతుంది. రాయి కిందికి దిగదు, బంకమన్ను పైకి రాదు. దాని మీద టిప్పరు నేరుగా నడవకూడదు. ముందు పోసిన రాయి మీదినుంచే తర్వాతి రాయిని తోసుకుంటూ పోవాలి. వస్త్రం ఖరీదు చూసి వెనకాడేవారు ప్రతి ఏడాదీ బురదలో కలిసిపోయే రాయి ఖరీదును కూడా పక్కన రాసి చూడాలి. దారి మొత్తానికీ ఇది అక్కర్లేదు కూడా. డీసీపీ చూపిన మెత్తని ముక్కలకే చేయిస్తే ఖర్చు చాలా తగ్గుతుంది.

మంచి రాయి దూరం నుంచి తేవలసి వచ్చినప్పుడు నాలుగో మార్గం ఆలోచించాలి. ఉబ్బే బంకమన్నుకు, నల్లరేగడి లాంటి నేలకు సున్నం సరిపడుతుంది. ఇసుక కలిసిన, జిగురు తక్కువ మట్టికి సిమెంటు. ఏది కలపాలో ప్లాస్టిసిటీ ఇండెక్స్ చెబుతుంది. మట్టిలో సల్ఫేట్లు ఉన్నాయేమో తప్పకుండా చూపించుకోండి. ఉంటే సున్నంతో చర్య జరిగి నేల ఉబ్బి, వేసిన దారే లేచిపోతుంది. గట్టిపరచిన పొర కూడా అడుగు బలమే తప్ప చక్రాల అరుగుదలకు ఆగదు. పైన గ్రావెల్ ఎలాగూ వేయాలి.

తారు పూతకు నేను చివరి స్థానం ఇస్తాను. మెత్తని నేల మీద పలుచని పూత వేస్తే అదీ పగులుతుంది, పైగా పగిలిన పూతను గ్రేడర్‌తో సరిచేయలేం. గొలుసు చక్రాల క్రేన్ ఒక్కసారి మలుపు తిరిగితే చాలు, అది చిరిగిపోతుంది. కానీ కొన్ని ముక్కల్లో అదే సరైనది: 8, 10 శాతం వాలు దాటి ఎత్తు ఎక్కే చోటు, ప్రధాన రహదారిలో కలిసే చోటు, గేటు ముందు మలుపు. మిగతాదంతా గ్రావెల్‌గానే ఉంచి ఈ ముక్కలకు మాత్రమే పూత వేయడం చాలా కేంద్రాలకు సరిపోయే ఏర్పాటు.

కేంద్రం రకాన్ని బట్టి

సోలార్ క్షేత్రానికి కట్టే రోజులు దాటాక బరువు తగ్గుతుంది, దుమ్ము మిగులుతుంది. ఫలకాల మీద పడిన దుమ్ము ఉత్పత్తిని తగ్గిస్తుంది, ఇన్వర్టర్ల గాలి వడపోతలను మూసేస్తుంది. కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తేమను లాక్కుని దుమ్మును అణచి ఉంచుతాయి. గాలిలో తేమ 30 శాతం కంటే బాగా తగ్గే పొడి చోట్ల మాత్రం వాటికి పని ఉండదు. వానకు కొట్టుకుపోతాయి, ఉక్కును తుప్పు పట్టిస్తాయి. ఫలకాల స్తంభాల పక్కన, సబ్‌స్టేషన్ కంచె దగ్గర వీటిని వాడవద్దని చెబుతాను. అక్కడ వేగ పరిమితి, జిగురున్న గ్రావెల్, అవసరమైతే కొద్ది దూరం తారు పూత మేలు.

గాలిమరల దారిలో చిక్కు ఆకారంలోనే ఉంది. పొడవాటి ట్రైలర్లకు, ఎత్తైన క్రేన్లకు 4 శాతం క్యాంబర్ ఎక్కువ, 2 శాతం దాకా తగ్గించమని రవాణా సంస్థలు అడుగుతాయి. నీటికి అది చాలదు. నిర్మాణం నడిచే నెలల్లో వాలు తగ్గించి, గ్రేడింగ్ తరచుగా చేయిస్తూ, పక్క కాలువలను ఎప్పటికప్పుడు తెరిచి ఉంచి, చివరి రెక్క చేరాక మళ్లీ 4 శాతానికి తేవడం మంచిది. ఎత్తుపల్లాల శిఖరాలను కూడా కొలిపించండి. కింది భాగం నేలకు దగ్గరగా ఉండే ట్రైలర్లు వాటి మీద కడుపు ఆనుకుని ఆగిపోతాయి.

సబ్‌స్టేషన్‌కు, బ్యాటరీ నిల్వ కేంద్రానికి రోజువారీ రాకపోకలు చాలా తక్కువ. కాబట్టి అక్కడ దారి పాడవుతున్నా తెలియదు. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నడిచి చూసే పని ఎవరో ఒకరి పేరున రాసిపెట్టి ఉండాలి. చమురు, గ్యాస్ బావుల దగ్గర పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. బావి తవ్వే వారాల్లో బరువైన నీళ్ల బండ్లు ఆగకుండా తిరుగుతాయి. ఆ దారికి మొదటి రోజు నుంచే మూడో మార్గమో నాలుగో మార్గమో కావాలి.

కాగితాలు, చెల్లింపు

సొంత దారి అన్నంత మాత్రాన నేల మీదే కానవసరం లేదు. రైతుల పొలాల మీదుగా హక్కు తీసుకున్న దారైతే ఒప్పందంలో ఎంత వెడల్పు రాశారో చూడండి. పక్క కాలువ ఆ వెడల్పులోకి వస్తుందా, మీ తూము నీటిని ఎవరి పొలంలోకి వదులుతోంది, అదే దారిని ట్రాక్టర్లూ వాడుకుంటే మరమ్మతు ఖర్చు ఎవరిది అన్నవి ముందే తేలాలి. కాలువ తవ్వడానికి చోటే లేని వెడల్పు రాసి ఉంటే, పైన చెప్పిన ఐదు మార్గాల్లో ఏదీ నిలబడదు. ముందు ఆ ఒప్పందం మార్చుకోవాలి. పెద్ద రవాణాకు ముందు రోజు, తర్వాత రోజు దారి పొడవునా ఫోటోలు తీసి తేదీతో దాచుకుంటే, ఎవరు పాడుచేశారన్న వాదన రాదు.

పని అప్పగించేటప్పుడు టిప్పర్ల లెక్కన చెల్లించే ఒప్పందం రాయకండి. రోలింగ్ అయ్యాక మిగిలిన మందానికి, వెడల్పుకు, క్యాంబర్‌కు చెల్లిస్తామని రాయండి. రోలర్ వెళ్లిపోయాక అదే దారం, అదే టేపు, అదే శంకువు పట్టుకుని, మొదట చెడు అంకెలు వచ్చిన చోట్లనే మళ్లీ కొలవండి. తూముల నోళ్లు తెరిచి ఉన్నాయా, కోసిన గడ్డి గట్టు మట్టిని కాలువలోనే వదిలేశారా అన్నవి కూడా చూడండి. బిల్లులో చివరి వాటాను ఒక మంచి వాన పడి, ఆ నీరు కాలువలోకి పోవడం చూశాకే విడుదల చేస్తామన్న షరతును గుత్తేదారు ముందే ఒప్పుకునేలా చూసుకోండి.